ఎదగని కోబుషిన్

"మా కోబుషిన్ ఎంతకీ ఎదగటం లేదండీ," అని నోరు జారాడు తోకుజి, ముల్లంగి ఊరగాయ తూస్తూ.

పూల కొట్టు ముత్సుకో-సాన్‌కి, అంటే ముత్సుకో గారికి, ఎడమ చెవి ఎప్పుడో పదవీ విరమణ చేసింది. కుడి చెవి ఒంటిపూట పనిచేస్తుంది. అందులో పడేసరికి కోబుషిన్ కాస్తా తోక ఊడి కోబుషి అయింది. కోబుషి అంటే చెట్టు. చలి పూర్తిగా వదలకముందే తెల్లగా పూస్తుంది. మొగ్గ చూడ్డానికి పసివాడి పిడికిలిలా ఉంటుందని, పిడికిలికున్న పేరే దానికీ పెట్టారు.

"కుండీలో పెట్టావా, నేలలో పెట్టావా?" అంది ముత్సుకో-సాన్.

"జేబులో పెట్టాను."

"ఛీ, నీ నోట్లోంచి ఒక్క మాటా తిన్నగా రాదు కదయ్యా! ఎముకల పొడి వెయ్యి. నీళ్ళు మరీ ముంచెత్తకు. ఊరికే ముట్టుకుంటూ ఉండకు, మొగ్గ బెదురుతుంది."

సాయంత్రానికల్లా పైకప్పు వేసిన ఆ బజారు వీధంతా పాకింది కబురు. "ఏం తోకు-సాన్, కొత్తగా మొక్కల్లో దిగావట?" అని ఎదురుగా ఉన్న మంగలి ఇప్పేయి కేకేశాడు.

"పచ్చళ్ళవాడికి పచ్చదనం కొత్తా?" అని తోకుజి తిరిగి కేకేశాడు. మాటకు మాట చమత్కారం లేనిదే పూట గడవని ఒసాకా బజారు కదా, నలుగురూ నవ్వారు. నవ్వులో నిజం కొట్టుకుపోయింది. తోకుజికి కావలసిందీ అదే.

ఎందుకంటే కోబుషిన్ చెట్టు కాదు, ఆటలోది. సంచి మృగాల ఆట అని, అరచేతిలో పట్టే ఆటపెట్టెలో ఆడతారు. అడవుల్లో తిరిగి మృగాలను పట్టి, సంచిలో వేసుకుని, ఒకదానితో ఒకటి కొట్లాడిస్తూ పెంచుతారు. అందులో కోబుషిన్ ఒక పసి కుస్తీ మృగం. పిడికిళ్ళకు గుడ్డ కట్లు, కళ్ళనిండా బెదురు. ఎవరు కొట్టినా పడిపోతుంది. పడ్డాక కూడా పిడికిలి మాత్రం విప్పదు. ఈ సంగతి చెబితే, అరవైకి దగ్గరపడ్డ నీకు ఆ ఆటెందుకయ్యా అని అడుగుతారు. అది కొడుకు ఇచ్చిందని చెప్పాలి. కొడుకు సప్పోరోలో చదువుకుంటున్నాడని కదా బజారంతా నమ్ముతోంది? సప్పోరో నుంచి మృగం ఎలా వచ్చిందంటారు. అది సప్పోరో నుంచి రాలేదు. కొట్టు మీది గదిలోంచి, తలుపు కింది సందులోంచి వచ్చింది.

రెండు చలికాలాల కిందట కొడుకు హిరోతాక ఆ తలుపు మూసుకున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం కొట్టునిండా బేరం ఉండగా, ధైర్యమంతా కూడగట్టుకుని వచ్చి, "నాన్నా, ఉత్తరాదికి వెళ్ళి చెక్కపని నేర్చుకుంటాను," అన్నాడు.

"అంటే ఇంట్లోంచి చెక్కేస్తానంటావు!" అన్నాడు తోకుజి.

బేరానికి వచ్చినవాళ్ళు పొట్టలు పట్టుకున్నారు. హిరోతాక మళ్ళీ నోరు తెరిచాడు. తోకుజి మళ్ళీ ఏదో అన్నాడు, అదేమిటో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. నవ్వులు మాత్రం మళ్ళీ వచ్చాయి. పిల్లాడు నోరు మూసి, మెట్లెక్కి, తలుపు కూడా మూశాడు. ముల్లంగిని ఊరబెట్టడం తెలిసినవాడికి కొడుకుని ఊరడించడం తెలియలేదు. ఊరుకుంటే వాడే దిగి వస్తాడనుకున్నాడు. రాలేదు. అడిగినవాళ్ళకు ఏదో ఒకటి చెప్పాలి కనుక ఉత్తరాదిన సప్పోరోకి చదువుకి పంపామని చెప్పారు. వెళ్ళనివ్వని చోటికి వాణ్ణి అబద్ధంలో పంపేశారు.

భార్య సుమియె తలుపు ముందు పళ్ళెం పెట్టి వస్తుంది. అన్నం, పులుసు ఖాళీ అవుతాయి. ఊరగాయ ముక్కలు మాత్రం పెట్టినవి పెట్టినట్టే తిరిగి వస్తాయి.

రెండు ఆటపెట్టెలను తీగతో కలిపి మృగాలు మార్చుకోవచ్చని తోకుజి క్షౌరం చేయించుకుంటూ ఇప్పేయి నోట విన్నాడు. ఇప్పేయి పిల్లలిద్దరూ ఆ ఆట పిచ్చివాళ్ళే. హిరోతాక గదిలోనూ అలాంటి పెట్టె ఒకటి ఉంది. మర్నాడే పాత సామాన్ల కొట్లో ఒక పెట్టె, ఒక తీగ కొని తెచ్చి, తీగ కొసను తలుపు కిందికి తోసి కూర్చున్నాడు.

"పాముని పంపిస్తున్నారేంటి పిల్లాడి మీదకి?" అంది సుమియె.

"పాము కాదే, పలకరింపు."

తీగ చాలా రోజులు అలాగే పడి ఉంది. ఓ ఉదయం అది కదిలింది. అవతల కొస దేనికో తగులుకుంది. తోకుజి తన దగ్గరున్న ఒకే ఒక గొంగళి మృగాన్ని పంపాడు. అటునుంచి కోబుషిన్ వచ్చింది. ఆటలో మృగాలకు ముద్దుపేర్లు పెట్టుకోవచ్చు. దీని పేరు హిరోబో. చిన్నప్పుడు సుమియె కొడుకుని పిలిచిన పేరు.

తోకుజి మెట్ల మీదే కూర్చుని ఆ పేరు మళ్ళీ మళ్ళీ చదివాడు. నోట ఒక్క చమత్కారమూ రాలేదు.

ఇక పెంపకం మొదలైంది. ఒక చేత్తో తవుడు కుండ కలియబెట్టడం, ఇంకో చేత్తో మీటలు నొక్కడం. ఊరగాయ వేసే తడి తవుడుని రోజూ చేత్తో అడుగునుంచి తిరగెయ్యాలి, లేకపోతే పులిసి చెడుతుంది. ఆటపెట్టెకు కూడా తవుడు వాసన పట్టింది. హిరోబో మొదట్లో కప్పలాంటి మృగాల చేతిలో కూడా ఓడింది. ముత్సుకో-సాన్ దగ్గర అతను నోరు జారింది ఆ దిగులు రోజుల్లోనే. ఆ తర్వాత ఒకటి గెలిచింది. ఇంకోటి గెలిచింది. బలం చూపించే అంకె మెల్లగా పైకి పాకింది.

ఒక రోజు గెలిచిన వెంటనే తెర తెల్లబోయింది. హిరోబో గజగజ వణికింది. ఒళ్ళు ఉబ్బింది, తగ్గింది, మళ్ళీ ఉబ్బింది.

తోకుజిది మూడు తరాల పచ్చళ్ళ వంశం. ఉబ్బేది, పొంగేది, బుడగలు తేలేది ఏది కనిపించినా ఆ వంశంలో చేతులు ఆగవు. తొట్టి మీద బరువు రాయి ఇంకొంచెం జరిపి అణిచేస్తారు. అణిస్తేనే సరుకు నిలుస్తుంది. బొటనవేలు దానంతటదే మీట మీద పడి గట్టిగా నొక్కేసింది. వణుకు ఆగింది. హిరోబో మళ్ళీ పసి మృగమై నిలబడింది.

"సుమియె! పిల్లాడికి ఫిట్స్ లాంటివేవో వచ్చాయే! గట్టిగా పట్టుకున్నాను, తగ్గింది!"

"దేవుడి దయ. ఇంక ఎక్కువ కొట్లాడించకండి."

కానీ కొట్లాడితేనే బలం. గెలిచి ఒక మెట్టు ఎక్కినప్పుడల్లా ఆ వణుకు వచ్చేది, తోకుజి మీట నొక్కేవాడు. కొన్నాళ్ళకు వణుకు రావడమే మానేసింది. "నెమ్మదించింది," అని అతను మురిసిపోయాడు. బలంలో ఇప్పుడు దానికి ఎదురులేదు. ఇక ఇచ్చెయ్యవచ్చు.

మెట్ల పైన చాప వేసుకుని కూర్చుని, తీగ లోపలికి తోశాడు. ఈసారి కొస వెంటనే తగులుకుంది. హిరోబో తలుపు దాటి వెళ్ళింది. సుమియె అయిదో మెట్టు దగ్గర నిలుచుంది.

లోపల మీటలు టకటకలాడాయి. తర్వాత గొంతు వినిపించింది. తోకుజి పోల్చుకోలేకపోయాడు. ఆ గొంతు ఈ మధ్యలో మగాడి గొంతు అయిపోయింది.

"ఇది ఇంకా ఇలాగే ఉందేంటి?"

"బలం చూడరా! ఇప్పుడు దాన్ని కొట్టేవాడు లేడు!"

"వణికినప్పుడు... నువ్వే ఆపావా?"

"నేనే రా! ప్రతిసారీ నేనే! పాపం ఒళ్ళంతా అదిరిపోయేది. ఒక్కసారి కూడా వదల్లేదు, గట్టిగా నొక్కి పట్టుకున్నాను."

తలుపవతల ఊపిరి వినిపించింది. నవ్వో ఏడుపో తేల్చుకోవడానికి వీల్లేని ఊపిరి.

"అది ఎదగాలని ఇచ్చాను నాన్నా."

తీగ కొస తలుపు కింది నుంచి బయటికి వచ్చింది. వేలితో తోసినట్టు మెల్లగా, పూర్తిగా వచ్చేసింది.

తోకుజి పరుగున ఇప్పేయి దగ్గరికి వెళ్ళాడు. ఎవరి ఆటో చెప్పకుండా ఆ వణుకేమిటని అడిగాడు. ఇప్పేయి గడ్డం గీస్తున్న కత్తి ఆపి, పిల్లల దగ్గర నేర్చుకున్నదంతా చెప్పాడు. "ఫిట్సేంటి తోకు-సాన్! అప్పుడే కదా అది పెద్ద మృగంగా మారేది! పిడికిలి విప్పి నిలబడుతుంది. మా పిల్లలైతే ఆ తెల్లతెర కోసం తిండి మానేసి కూర్చుంటారు."

"నొక్కేస్తే?"

"ఆగిపోతుంది. వద్దనుకునేవాళ్ళ కోసం పెట్టారు ఆ మీట. కొన్నిసార్లు చూస్తుంది. అయినా ఆపుతూ పోతే ఇంక మారడం మానేస్తుంది. తర్వాత నువ్వు కావాలన్నా మారదు."

"ఎన్నటికీ?"

"ఎన్నటికీ. ఏం, ఎవరిది?"

తోకుజి అప్పటికే ఇంటివైపు పరుగెత్తాడు. తలుపు ముందు కూర్చుని, తెలియక చేశానన్నాడు, పచ్చళ్ళ తొట్టి అనుకున్నానన్నాడు, కొత్తది పట్టి మళ్ళీ మొదటినుంచి పెంచుతానన్నాడు. ఆ రోజు పళ్ళెంలో అన్నం కూడా పెట్టినట్టే తిరిగి వచ్చింది. మర్నాడూ అంతే. సుమియె పళ్ళెం కడుగుతూ, మొగుడి వైపు చూడకుండా, "మీట నొక్కడం ఇప్పుడు నేర్చుకున్నారు. మాట నొక్కెయ్యడం ఎప్పుడో వచ్చు మీకు," అంది. ఆవిడ జన్మలో మొదటిసారి ప్రాస కలిపింది. ఆ సంగతి ఆవిడకూ తెలియదు.

ఆ మధ్యాహ్నం ముత్సుకో-సాన్ కొట్టుకి వచ్చింది. వెనక ఇప్పేయి, బేరానికి వచ్చిన నలుగురైదుగురు ఆడవాళ్ళు. ఆవిడ చేతిలో తడి కాగితంలో చుట్టిన కోబుషి కొమ్మ ఉంది. కొమ్మ చివర ముడుచుకున్న మొగ్గ ఒకటి.

"నీదింకా ఎదగలేదుగా తోకు-సాన్, ఇది అంటు కట్టుకో! ఏదీ, పెరట్లో ఉందా మీ చెట్టు? చూపించు, నేనే కడతాను."

"చూపించడేంటి? జేబులోంచి తీస్తాడు చూడండి!" అన్నాడు ఇప్పేయి. అందరూ నవ్వడానికి సిద్ధంగా తోకుజి నోటివైపు చూశారు.

నాలుక చివరికి ఏదో చమత్కారం వచ్చింది. తోకుజి దాన్ని మింగాడు. తవుడు కుండలోంచి చెయ్యి తీసి, తుడుచుకోవడం మరిచి, బల్ల పట్టుకుని నిలబడ్డాడు.

"చెట్టు లేదండీ," అన్నాడు. ముత్సుకో-సాన్ కుడి చెవికే కాదు, పై గదికి కూడా వినపడేంత గట్టిగా అన్నాడు. "మీరు విన్నది కోబుషి. నేనన్నది కోబుషిన్, పిల్లల ఆటలో కుస్తీ మృగం. మా వాడు పెంచమని నా చేతికిచ్చాడు. ఎదగబోయిన ప్రతిసారీ నేనే ఆపేశాను. ఇంక అది ఎదగదు."

"మీ వాడా? సప్పోరో నుంచి పంపాడా?" అంది ముత్సుకో-సాన్.

"మా వాడు సప్పోరో వెళ్ళలేదు. వాణ్ణి కూడా నేనే ఆపేశాను. రెండు చలికాలాలుగా ఈ పైగదిలోనే ఉన్నాడు. నిన్నటినుంచి అన్నం కూడా తినడం లేదు."

ఎవరూ నవ్వలేదు. ముత్సుకో-సాన్‌కి ఈసారి ప్రతి మాటా వినపడింది. కొమ్మను బల్ల మీద పెట్టి ఆవిడ తల పైకెత్తింది. ఆవిడ వెనక అందరూ పైకి చూశారు.