తిరిగొస్తుందనుకున్న టిప్పు

"వాళ్ళు నీ గురించి అడిగితే ఆఫీసులో పని అని చెప్తాం. నువ్వేం మాట్లాడక్కర్లేదు. ఎలాగూ అక్కడ ఉండవు కదా" అన్నాడు మొగుడు, అద్దంలో మీసం సరిచేసుకుంటూ.

ఆమె ఇస్త్రీ చేస్తోంది. అతని చొక్కా అయింది, అత్తగారి బట్టలు అయ్యాయి, ఆడపడుచువి అయ్యాయి. చివరికి తన నల్ల ఏప్రన్ తీసింది. ఆ రోజు ఆడపడుచు పెళ్ళి మాటల కోసం అబ్బాయివాళ్ళింటికి భోజనానికి వెళ్తున్నారు. నేనూ సెలవు పెట్టి రానా అని రాత్రే అడిగింది. అత్తగారు నోరు నొక్కుకుంది. "నువ్వొస్తే ఏం చేస్తున్నావని అడగరూ? హోటల్లో ఎంగిలి ప్లేట్లు ఎత్తుతున్నానని చెప్తావా, నా పిల్ల బతుకు బుగ్గి చెయ్యడానికి?"

ఆ పిల్ల చదువు ఆఖరి ఏడాది ఫీజు ఎంగిలి ప్లేట్ల జీతంలోంచే పోయింది. అత్తగారి ముక్కు మీది కళ్ళజోడూ అందులోంచే వచ్చింది. ఇంటద్దె సగం కూడా అంతే. ఆ డబ్బుకి మాత్రం ఎంగిలి అంటదు. ఆమె ఇవేవీ అనలేదు. ఏప్రన్ మడిచి సంచీలో పెట్టుకుని బస్సెక్కింది.

ఆమె పనిచేసే రెస్టారెంట్లో టిప్పుకి ఒక పద్ధతి ఉంది. ఎవరి చేతికొచ్చినా అది వాళ్ళది కాదు. కాఫీ మెషీను పక్కన రేకు డబ్బా ఉంటుంది, టేబుల్ తుడిచేలోపు అందులో పడాలి. వారాంతంలో సర్వర్లు, వంటవాళ్ళు, గిన్నెలు కడిగే పెద్దావిడ అందరూ సమానంగా పంచుకుంటారు. మేనేజరు దయతో వచ్చింది కాదది. పోట్లాడి పెట్టుకున్నారు. పోట్లాడినవాళ్ళలో మొదటి గొంతు ఈమెదే. అంతకుముందు ఎవరి టిప్పు వాళ్ళదే. నవ్వినవాళ్ళకి ఎక్కువ, నవ్వనివాళ్ళకి తక్కువ. నోటు ఇస్తూ వేళ్ళు పట్టుకుని ఒక్క క్షణం వదలని పెద్దమనుషులుండేవాళ్ళు. "కాస్త నవ్వవమ్మా, నీ సొమ్మేం పోతుంది" అనేవాళ్ళు. వెనక గిన్నెల దగ్గర చేతులు నానిపోయి నిలబడ్డ పెద్దావిడకి మాత్రం ఏమీ దక్కేది కాదు. ఆవిడ మొహం ఏ కస్టమరూ చూడడు కదా. డబ్బా వచ్చాక ఎవడి నోటూ ఎవరి నవ్వునీ కొనలేకపోయింది. ఆమె ఇప్పటికీ నవ్వుతుంది, కానీ నవ్వొస్తేనే.

బయట ఇంత చేసిన మనిషి ఇంట్లో ఎందుకు నోరు మూసుకుంటుందని మీరడగొచ్చు. ఆమె కూడా తనని తాను అడుగుతూనే ఉంటుంది. పనిచోట పక్కన నలుగురుంటారు. ఇంట్లో నలుగురూ అవతలి పక్కనే ఉంటారు.

మధ్యాహ్నం తలుపు తోసుకుని ఒక కుటుంబం వచ్చింది. వాళ్ళ వెనకే తన మొగుడు, అత్తగారు, ఆడపడుచు. ఆమె చేతిలో నీళ్ళ జగ్గు ఉంది. అబ్బాయివాళ్ళింట్లో నీళ్ళ మోటారు కాలిపోయిందట, వంట కుదరక అప్పటికప్పుడు అందర్నీ బయటికి తీసుకొచ్చారు. ఇన్ని హోటళ్ళుండగా ఇదే దగ్గర. వాళ్ళు కిటికీ పక్క టేబుల్లో కూర్చున్నారు. అది ఆమె టేబులు.

మొగుడు ఆమెని చూశాడు. కనుబొమ్మలు పైకెత్తి తల అడ్డంగా రవ్వంత కదిపాడు. నువ్వెవరో నాకు తెలియదు అని అర్థం.

టేబుళ్ళ మధ్య తేలుతూ తిరుగుతుందని అందరూ గాలిపటం అని పిలిచే తోటి సర్వరు దగ్గరికొచ్చింది. "మీవాళ్ళు కదూ, ఫోటోలో చూశా. నేను తీసుకుంటాలే, నువ్వు అటు వెళ్ళు." సొంతవాళ్ళొస్తే సర్వర్లు టేబుల్ మార్చుకోవడం అక్కడ మామూలే. ఆమె తల ఊపబోయి ఆగింది.

"వద్దు. నా టేబులే" అంది.

ఆ హోటల్లో వడ్డన ఆడవాళ్ళతో మొదలుపెట్టాలి, అందులోనూ పెద్దవాళ్ళతో. సూపు గిన్నె మొదట అత్తగారి ముందు పెట్టింది. అత్తగారు కంగారుపడి గిన్నెని కొడుకు వైపు జరిపింది. "ముందు వాడికి..." అనబోయి ఆగింది. కొడుకు గిన్నె వచ్చేసరికి ఇంకా పెద్ద పొరపాటు చేసింది. "అదేంటే, మావాడికి ఉల్లిపాయ పడదని తెలుసుగా!"

అబ్బాయి తల్లి ఆశ్చర్యంగా చూసింది. "ఆమెకెలా తెలుస్తుంది వదినగారూ, పాపం?"

అత్తగారి మొహం మాడిపోయింది. "అహ, అదీ... మా ఇంట్లో అలవాటు కొద్దీ..." అని నీళ్ళు తాగింది. ఆడపడుచు తల ఎత్తలేదు. చెంచా సూపులో మునిగే ఉంది.

అప్పుడు మొగుడు గొంతు సవరించుకున్నాడు. "ఏమండీ, కొంచెం మంచినీళ్ళు ఇస్తారా? థాంక్సండీ."

పెళ్ళయినప్పట్నుంచీ ఆమె విన్నవి "ఏయ్", "ఇదిగో", "ఎక్కడ చచ్చావ్". ఇంట్లో నీళ్ళు కావాలంటే అతను నీళ్ళు అని కూడా అనడు, గ్లాసుతో బల్ల మీద కొడతాడు. ఆమె గ్లాసు నింపింది.

"చూశారా, మీ అబ్బాయికి ఎంత మర్యాదో" అని అబ్బాయి తల్లి మురిసిపోయింది. "బయటివాళ్ళతోనే ఇలా ఉంటే ఇంట్లో భార్యని ఎంత అపురూపంగా చూసుకుంటారో! అవునూ, మీ కోడలు రాలేదేం?"

"ఆఫీసులో మీటింగండీ. ఎంత చెప్పినా సెలవివ్వలేదు" అన్నాడు.

ఆమె అతని భుజం పక్కనే ఖాళీ గిన్నెలతో నిలబడి ఉంది.

ఆ పూటంతా ఆమె మొహం చూసి మాట్లాడింది అబ్బాయి తల్లి ఒక్కత్తే. రొట్టెలు పెడుతుంటే "పొద్దస్తమానం నిలబడితే కాళ్ళు లాగవూ తల్లీ? మా పెద్దపిల్ల నర్సు. ఇంటికొచ్చి కాళ్ళు పట్టుక్కూర్చుంటుంది" అంది. "లాగుతాయండీ" అంది ఆమె. అలవాటైపోయింది అని చెప్పడం ఆ పనిలో మర్యాద. ఎందుకో నిజమే చెప్పేసింది.

బిల్లు అబ్బాయి తండ్రి కట్టాడు. "టిప్పు మాత్రం నాది, మీరు చెయ్యి పెడితే ఊరుకోను" అని మొగుడు పర్సు తీశాడు. అందులోని పెద్ద నోటు అందరికీ కనపడేలా ట్రేలో పెట్టాడు. ఆమె మెత్తటి చెప్పులు కొనుక్కుంటానంటే వచ్చే నెల చూద్దాం అన్నది ఆ పర్సే. "ఉంచుకోండి" అని, ఎవరూ చూడకుండా ఆమెకి కన్ను కొట్టాడు. ఆ కన్నెందుకు కొట్టాడో ఆమెకి అర్థం కాలేదు. నోటు తీసుకెళ్ళి డబ్బాలో వేసింది. గిన్నెల పెద్దావిడ తొంగిచూసి "ఎవరే ఆ మారాజు?" అంది. "ఎవరో" అంది. ఆ మాట నోట్లోనే చేదుగా మిగిలిపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే మొగుడు నవ్వుతూ ఎదురొచ్చి చెయ్యి చాపాడు. "ఏదీ, తే."

"ఏంటి?"

"అదేనే, ఇందాకటి నోటు. చూశావా నా తెలివి? వాళ్ళ ముందు దర్జాకి దర్జా దక్కింది, డబ్బేమో మనింటికే వచ్చేసింది. వేరే వాళ్ళు వడ్డిస్తే చిల్లర పడేసేవాణ్ణి."

కన్ను కొట్టింది అందుకా.

"డబ్బాలో వేశాను. అది అందరిదీ" అంది ఆమె.

అతని నవ్వు పోయింది. "అందరిదీ ఏంటి? నీకిచ్చింది కదా! రేపెళ్ళి మేనేజరుని అడిగి తెచ్చెయ్. మా ఆయన పొరపాటున ఇచ్చాడని చెప్పు."

"మా ఆయన అని చెప్పమంటారా?"

లోపల్నుంచి అత్తగారు అందుకుంది. "మొగుడి సొమ్ము ఊరందరికీ పంచొచ్చి పైగా ఎదురు మాటలా?"

"అప్పుడు మొగుడు కాదు కదా అత్తయ్యా, కస్టమరు" అని వంటింట్లోకి వెళ్ళింది.

వాళ్ళు మధ్యాహ్నం హోటల్లో తిన్నా రాత్రికి వంట మామూలే. కూరగాయలు తరుగుతూ ఆమె ఆలోచించింది. కోపం అనుకుంది గానీ, తవ్వి చూస్తే అది కోపం కాదు. "ఏమండీ" అని అతనన్నప్పుడు తన ప్రాణానికి బావుంది. ఆ మాటే ఆమెకి సిగ్గుగా ఉంది. మొగుడు మర్యాదగా మాట్లాడాలంటే తను పరాయిది కావాలి. కొడుకు కంటే ముందు అత్తగారికి మొదటి గిన్నె దక్కాలంటే ఆవిడ కస్టమరుగా కూర్చోవాలి, తను జీతానికి నిలబడాలి. అతనికి మర్యాద రాదని ఇన్నేళ్ళూ సరిపెట్టుకుంది. మగాళ్ళంతే, పెంపకం, పని ఒత్తిడి, ఎన్ని సాకులు తనే వెతికిపెట్టింది! అతనికి మర్యాద నిక్షేపంగా వచ్చు. ఎవరికివ్వాలో, ఎవరికి అక్కర్లేదో లెక్క తెలుసు, అంతే. ఆ టిప్పు కూడా అలాంటిదే. ఇచ్చినట్టు కనపడాలి, చేతిలోంచి పోకూడదు. ఆమె జీతాన్ని ఇంట్లోకి రానిచ్చి, ఆమె పనిని గుమ్మం బయట నిలబెట్టడం కూడా అదే తెలివి. డబ్బాలో పడ్డ నోటు కోసం అతను రాత్రంతా సణిగాడు. పెళ్ళాన్ని ఎవరో తెలియదన్నందుకు ఒక్క ముక్క అనలేదు. గుర్తు కూడా రాలేదేమో.

రెండ్రోజులకి అబ్బాయివాళ్ళు ఫోన్ చేశారు. పిల్ల నచ్చింది, ఆదివారం అదే హోటల్లో కలిసి ముహూర్తం మాట్లాడుకుందాం అన్నారు. అక్కడ వడ్డన బాగుందని అబ్బాయి తల్లి పట్టుబట్టిందట.

"ఆదివారం నువ్వు సెలవు పెట్టు. ఆ ఛాయల్లో కనపడకూడదు" అన్నాడు మొగుడు.

"మరి పెళ్ళిలో?"

"పెళ్ళిలో మంచి బట్టలు కట్టుకుని జుట్టు మార్చుకుంటే ఎవరు గుర్తుపడతారు? సర్వర్ మొహం ఎవడు చూస్తాడే? అసలు ఆ పని మానెయ్." ఒక్క క్షణం ఆలోచించి, "పెళ్ళి ఖర్చులు తీరాక మానెయ్" అని సర్దుకున్నాడు.

ఆ రాత్రి ఆడపడుచు వంటింట్లోకి వచ్చి గట్టు మీద కూర్చుంది. "వదినా, ఆ రోజు నేను నోరు విప్పాల్సింది. సూపు గొంతు దిగలేదు."

"చూశాన్లే. గిన్నె నిండుగా వెనక్కి తీసుకెళ్ళింది నేనేగా."

ఆ పిల్లకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "ఆదివారం నేను చెప్పెయ్యనా?"

"సంబంధం తప్పిపోతే?"

"నీ జీతంతో చదువుకున్నానని చెప్పుకోలేని ఇంటికెళ్ళి నేనేం ఉద్ధరిస్తాను? రేపు వాళ్ళ ముందు నిన్ను వదినా అని పిలవడానికి కూడా అన్నయ్యని అడగాలా?"

ఆమె ఆ పిల్ల తల నిమిరింది. "నువ్వు చెప్పకు. నీ మాటగా వస్తే నీ నెత్తినే రుద్దుతారు. కూర్చుని తిను చాలు."

ఆదివారానికి సెలవు పెట్టింది. మేనేజరు సంతకం కూడా చూపించింది. మొగుడు "అదీ" అని భుజం తట్టాడు. ముగ్గురూ బయల్దేరి వెళ్ళాక ఆమె తీరిగ్గా స్నానం చేసింది. ఉన్నవాటిలో మంచి బట్టలు వేసుకుంది. జుట్టు మాత్రం మార్చలేదు, రోజూ పనికి వెళ్ళేటప్పుడు వేసుకునే ముడే వేసుకుంది. మొహం దాచుకోవడానికి వెళ్ళడం లేదు కదా.

అదే తలుపు. ఎన్నేళ్ళుగానో వెనక గుమ్మంలోంచి వెళ్ళిన మనిషి మొదటిసారి ముందు నుంచి వెళ్ళింది. గాలిపటం ఎదురొచ్చి "ఇవాళ నీకు సెలవు కదా?" అంది. "అవును. తినడానికొచ్చాను" అంది ఆమె. గాలిపటం మెనూ కార్డు తీసి ముందు నడిచింది.

వాళ్ళు ఈసారి పెద్ద టేబుల్లో ఉన్నారు. ఆడపడుచు పక్కన ఒక కుర్చీ ఖాళీ. పొద్దున వదిన చెవిలో చెప్పినట్టే ఆ పిల్ల సంచీ పెట్టి ఆపి ఉంచింది. ఆమెని చూడగానే సంచీ తీసేసింది. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. అత్తగారి చేతిలో గ్లాసు గాల్లోనే ఆగింది. మొగుడు సగం లేచి, లేవాలో కూర్చోవాలో తెలియక అలాగే వంగి నిలబడ్డాడు.

అబ్బాయి తల్లి ఆమె మొహంలోకి చూసి కళ్ళు పెద్దవి చేసింది. "అమ్మాయ్, మొన్న మాకు వడ్డించింది నువ్వే కదూ? కాళ్ళు లాగుతాయన్నావు..."

"అబ్బే, కాదండీ. పోలికలుంటాయి" అన్నాడు మొగుడు గబగబా.

గాలిపటం నీళ్ళు పోస్తూ ఆమె గ్లాసు దగ్గర ఆగింది. ఆమె గ్లాసు ముందుకు జరిపి అబ్బాయి తల్లి వైపు తిరిగింది.

"నేనేనండీ. వీళ్ళింటి కోడల్ని. మొన్న డ్యూటీలో ఉన్నాను కాబట్టి మీతో కూర్చోవడం కుదర్లేదు. ఇవాళ సెలవు పెట్టాను, ఆయనే పెట్టమన్నారు."