నందీశ్ ఎత్తు, సవిత గొంతు

దగ్గరికి జరుగు మంజుశ్రీ, నా మోకాలికి ఆనుకుని కూర్చో. మీ సవితక్క సంగతి నీకు సగమే తెలుసు. ఆ సగం కూడా ఎవరో ఫోన్‌లో పెట్టిన వీడియో ముక్క చూసి తెలుసుకున్నావు. ఆ రోజు నువ్వు మీ అమ్మ పుట్టింట్లో, మంగళవాడలో ఉన్నావు. నేను వల్లూరులో పందిరి కింద మూడో వరసలో ఉన్నాను. ముందూ వెనకా ఏం జరిగిందో నేను చెబుతాను, విను.

సవిత పొద్దున ఇక్కడి సోలార్ పార్కులో పలకలు కడిగే పనికి పోతుంది కదా. సందు దొరికినప్పుడు, నాలుగేళ్ళుగా, మంజునాథ్ ఆర్కెస్ట్రాలో పాడుతోంది. మంజునాథ్ అంటే పావగడ బజారులో గాజుల అంగడి ఆయన. ఆయన గుంపులో మగగొంతు నందీశ్, ఆడగొంతు సవిత. కీబోర్డు ఆనంద్‌కుమార్ వాయిస్తాడు, డ్రమ్ములు బోరన్న కొడతాడు.

మొన్న ఎండాకాలం దాటాక సవిత గొంతులో జీర మొదలైంది. శొంఠి ఇచ్చాను, మిరియాలు ఇచ్చాను. పలకల మీది దుమ్ము అనుకున్నాను. చివరికి పావగడలో ఒక డాక్టరమ్మ లోపలికి గొట్టం పెట్టి చూసి, మాట పుట్టే చోట గింజంత వాపు ఉందని చెప్పింది. ఎక్కువ అరుస్తావా అని అడిగింది. అరవను, పాడతాను అంది సవిత. అయితే అరిచినట్టు పాడుతున్నావు, ఇట్లాగే పాడితే ఏడాదికి పాట కాదు కదా, మాటే సరిగ్గా రాదు అంది డాక్టరమ్మ.

అసలు సంగతి సవిత ఇంటికి వచ్చాక చెప్పింది. ఆ గుంపులో ప్రతి పాటనూ నందీశ్ గొంతుకు ఏ ఎత్తు, అదే శ్రుతి, సుఖమో ఆ ఎత్తులోనే వాయిస్తారట. అతనికి సుఖమైన ఎత్తులో ఆమె పాడాలంటే నిచ్చెన కొసమెట్టు ఎక్కి అరవాలి. కిందికి దిగి పాడితే మాట వినబడదు. కీబోర్డు మీద ఒక మీట నొక్కితే చాలట, పాట ఎత్తు మారుతుంది. ఆమె కోసం ఆ మీటను ఎవరూ నొక్కలేదు.

మరునాడే మంజునాథ్ అంగడికి పోయాను.

"మంజన్నా, నా మనవరాలు పాడేటప్పుడు ఆ మీట కొంచెం నొక్కమని చెప్పప్పా."

ఆయన గాజుల డబ్బాలు సర్దుతూనే నవ్వాడు. "అవ్వా, నీకు కీబోర్డు కూడా తెలుసునా? రేపట్నుంచి నువ్వే వచ్చి వాయించు."

"తమాషా కాదప్పా. పిల్ల గొంతు పోతాండాది."

"జనం వచ్చేది నందీశ్ కోసం. వాని గొంతుకు ఏది సరిపోతే అదే మా ఎత్తు. ఆడపిల్లలదేముంది, సన్న గొంతు, ఎంత మీదికైనా పోతాది."

"ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవురో చెప్పేదేంది, అందరూ అట్లనే పాడతాండారు. ఆయమ్మకు కాకపోతే చెప్పమను. మధుగిరిలో ఇంకో పిల్ల ఉండాది, పిలిస్తే వస్తాది."

ఆ మాట ఇంట్లో చెప్పకుండా ఉండాల్సింది. చెప్పేశాను. ఆ సాయంకాలం ఇద్దరం చెనక్కాయలు ఒలుస్తూ కూర్చున్నప్పుడు, సవిత దిగులు చూడలేక నా పాత రోజులు ఎత్తాను.

"మేము చెనక్కాయ చెట్లు పీకేటప్పుడు సుంకులమ్మ అని ఒకాయమ్మ పాట ఎత్తుకుంటాండె. ఆయమ్మది లావు గొంతు. పక్క సాలులో మగోళ్ళు ఉన్నా సరే, ఆయమ్మ ఎత్తుకే రావల్ల. ముందు ఎత్తుకున్నోళ్ళదే ఎత్తు."

"వాళ్ళకు గొంతు అందకపోతే అవ్వా?"

"అందకపోతే నోరు మూసుకుని చెట్లు పీకుతాండ్రి."

సవిత పకపకా నవ్వింది. ఆమెను నవ్వించానని నేను సంతోషపడ్డాను, అంతే. ఆమె దాన్ని మనసులో పెట్టుకుందని నాకేం తెలుసు?

నవంబరులో, కన్నడ రాజ్యోత్సవం పండగకు వల్లూరులో మధ్యాహ్నం మూడింటికి కార్యక్రమం. పలకలు కడిగే ఆడవాళ్ళంతా వచ్చారు. రెండో పాటకే సవిత గొంతు గుడ్డ చినిగినట్టు చీలింది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. మూడోది జంటపాట. మామూలుగా కీబోర్డు మొదలుపెడుతుంది, తర్వాత నందీశ్, తర్వాత సవిత. ఆనంద్‌కుమార్ ఇంకా చెయ్యి పెట్టలేదు. సవిత మైకు దగ్గరికి తీసుకుని, ఏ వాద్యమూ లేకుండా పల్లవి ఎత్తుకుంది. తన ఎత్తులో.

ముందు ఎత్తుకున్నోళ్ళదే ఎత్తు అని చెప్పింది నేనే. మధుగిరి పిల్ల ముఖం నేనెప్పుడూ చూడలేదు కానీ, అప్పుడు కళ్ళముందు నిలబడింది.

ఆనంద్‌కుమార్ అలవాటు ప్రకారం పాత ఎత్తులోనే మెట్లు నొక్కాడు. సత్తు గిన్నెను గరిటెతో గీకినట్టు ఉంది. జనం ఈలలు వేశారు. అతను చేతులు తీసేసి మంజునాథ్ వైపు చూశాడు. మంజునాథ్ వేదిక పక్కనే నిలబడి, వద్దని తల ఊపాడు. సవిత ఆపలేదు. మైకు తీగను చేతికి చుట్టుకుని ఒంటరిగా పాడుతూనే ఉంది.

"కరెంటు పోయిందేమప్పా, వాయించేది నిలిపినారు," అన్నాడు నా వెనక ఒకాయన.

"ఈడ పుట్టే కరెంటు కదా, మనకే పోతాది," అంది ఎవరో ఆడమనిషి. నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

అప్పుడు బోరన్న దెబ్బ అందుకున్నాడు. డ్రమ్ముకు ఆడ ఎత్తు, మగ ఎత్తు అని ఏముంది, ఆమె నడక పట్టుకుంటే చాలు. పాటలో రెండు వరసలు ఆ దెబ్బ మీదనే నడిచాయి. ఆనంద్‌కుమార్ ఈసారి మంజునాథ్ వైపు చూడలేదు. తల వంచుకుని మీటను ఒకసారి, రెండుసార్లు నొక్కి, ఆమె ఎత్తును పట్టుకున్నాడు.

తర్వాత నందీశ్ వంతు. మొదటి వరస ఎట్లాగో లాగాడు. రెండో దాంట్లో పైకి పోయేసరికి గొంతు విరిగింది. కిందికి దిగితే మాట వినబడలేదు. కుర్రకారు నవ్వారు. అతని మెడ నరాలు చూస్తే నాకే జాలేసింది. సవిత నవ్వలేదు.

పాట అయ్యాక నేను వేదిక వెనక్కి ఉరికాను. అప్పటికే అక్కడ మాటలు నడుస్తున్నాయి.

"ఇంతమందిలో నన్ను నగుబాటు చేసినావు కదమ్మే," అంటున్నాడు నందీశ్, గొంతు పట్టుకుని. "లోపల చీరుకుపోయినట్లుండాది."

"ఒక్క పాటకే కదన్నా," అంది సవిత. "నాకు నాలుగేండ్లుగా చీరుకుపోతాండాది."

అతను ఏదో అనబోయి దగ్గాడు.

మంజునాథ్ చేతిలోని పాటల కాగితం మడిచాడు. "నువ్వు ఇంటికి పోమ్మా. మధుగిరి పిల్లను పిలుస్తా."

"పిలువు మంజన్నా," అన్నాడు బోరన్న బీడీ వెతుక్కుంటూ. "ఆయమ్మ బస్సు దిగేలోపల ఈ జనం కుర్చీలు ఎత్తుకొని పోతారు."

మంజునాథ్ నందీశ్ వైపు చూశాడు. నందీశ్ మెల్లగా ఒక పలుకు పలికి చూసుకుని, తల అడ్డంగా ఊపాడు. "అరగంట దాకా నా వల్ల కాదు."

"అయితే నువ్వే పో, పాడు," అన్నాడు మంజునాథ్ సవితతో.

"నా ఎత్తులో అయితే పోతా," అంది సవిత.

"ఎట్లన్నా పాడి సావు."

నాలుగు పాటలు పాడింది. జనం ఊగిపోయారని నేను చెప్పను. కొందరు బజ్జీల బండి దగ్గరికి పోయారు. అయితే నేను మళ్ళీ మూడో వరసలో కూర్చుంటే ప్రతి మాటా అక్కడికి వచ్చి నా చెవిలో పడింది. ఒక్క చోటా చీలలేదు. ఎక్కడ చీలుతుందోనని నేనే ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను.

ఆ తర్వాత రెండు వారాలు పిలుపు లేదు. సవిత పలకలు కడగడానికి పోయేది, వచ్చేది, అన్నం కెలికి లేచేది. నా నోటిదూలకు పిల్ల పాట పోయిందని నేను కుమిలిపోయాను. మూడో వారం ఆనంద్‌కుమార్ ఫోన్ చేశాడు.

"శిరాలో ప్రోగ్రాం ఉండాది, మంజన్న రమ్మన్నాడు. జంటపాటలు ఒకటి నందీశన్న ఎత్తు, ఒకటి నీ ఎత్తు. నందీశన్నకు ఇంకా కోపం పోలేదు, మాట్లాడించొద్దు."

"మధుగిరి పిల్ల ఏమైంది?" అని అడిగింది సవిత.

"వచ్చింది. నీ పాట ఫోన్‌లో చూసిందంట. మైకు ముట్టుకోకముందే, నా ఎత్తుకు పెట్టండి అని పట్టు పట్టి కూసుంది."

సవిత శిరా పోయి వచ్చింది. గుంపుతో నడుస్తోంది. కానీ వాపు పూర్తిగా తగ్గలేదు తల్లీ. వచ్చే నెల డాక్టరమ్మ మళ్ళీ చూస్తుంది. తగ్గకపోతే కోయాలంటుందేమో. నాలుగేళ్ళు ఆలస్యమైంది మరి.

నాకు రాత రాదు. అందుకే నీకు చెబుతున్నాను. నువ్వు దీన్ని గుర్తుంచుకుని, పాడే ఆడపిల్ల ఎక్కడ కనబడినా చెప్పు. నందీశ్‌ను దుర్మార్గుణ్ణి చేసి చెప్పొద్దు, అతనిదీ గొంతే. బోరన్నను మాత్రం మరిచిపోవద్దు. ఏదీ, మొదటినుంచి ఒకసారి నాకు చెప్పు, ఎక్కడ తప్పుతావో చూస్తాను.