గ్లాసు పడిన చోటు

క్యాసెట్ పెట్టగానే, కొడుకు గొంతు బొంగురైందని, మస్కట్ ఎండ పడలేదేమోనని అంది పోశవ్వ. కోడలు బాలలక్ష్మి బ్యాటరీలు మార్చింది. అయినా మొగుడి మాట కొన్నిచోట్ల బంకలా సాగుతోంది, కొన్నిచోట్ల ఎవరో తరిమినట్టు ఉరుకుతోంది.

ఏడాదికొక్క క్యాసెట్. అక్కడే పనిచేస్తూ సెలవు మీద కోరుట్లకు వచ్చిన అంజన్న చేతికిచ్చి పంపాడు బుచ్చిరాములు. పోయినేడు బాలలక్ష్మి తన క్యాసెట్లో ఒక్కటే అడిగింది, ఎప్పుడొస్తవని. జవాబు ఇందులో ఉండాలి.

చేతులు బీడీలు చుడుతూనే ఉన్నాయి. టేపులో బావి నీళ్ల సంగతి, అవ్వ మోకాళ్ల సంగతి, ఒక దగ్గు. ఆ తర్వాత స్టీలు గ్లాసు ఠంగుమని పడింది. ఆమె చేయి ఆగింది. ఏటా అవే మాటలు అడుగుతాడు, అందులో వింత లేదు. గ్లాసు కూడా ఏటా పడుతుందా?

సందుగు పెట్టెలోంచి పోయినేటి క్యాసెట్ తీసి టేపులో పెట్టింది. పదిహేనేళ్లుగా చుడుతున్న చేయి, వేగం మారదు. దగ్గు నుంచి గ్లాసు దాకా నాలుగు బీడీలు చుట్టింది. అక్కడి నుంచి లారీ హారన్ దాకా ఏడు. మళ్లీ దగ్గే దాకా ఒకటి. చాటలో వరుసగా పేర్చింది. కొత్తది పెట్టి, కింద ఇంకో వరుస. ఆరు, ఐదు, రెండు. లెక్క ఎక్కడా కలవలేదు. రెండూ వేరువేరు మాటలేనని కాసేపు ప్రాణం లేచొచ్చింది. కానీ దగ్గు, గ్లాసు, హారన్, దగ్గు. వరుస తప్పలేదు. హారన్ కింద సగం మునిగిపోయిన మాటా అదే.

ఒక క్యాసెట్లోది ఇంకోదాంట్లోకి ఎక్కించే మిషన్లు అక్కడ రూముల్లో ఉంటాయని, పాతవైతే టేపును ఒక్కతీరుగా తిప్పవని అంజన్న అన్నది గుర్తొచ్చింది. పోయినేటిదే ఎక్కించి పంపాడు. ఈ ఏడు బుచ్చిరాములు తనతో మాట్లాడనే లేదు.

అత్తకు చెప్పొద్దనుకుంది. చూపు ఆనని పోశవ్వ చాటలోని రెండు వరుసలూ మెల్లగా తడిమింది.

"గా గిలాస పోయినేడు గూడ పడ్డది బిడ్డా. నేను మొదట్నే గుర్తువట్టిన."

"మరి గొంతు మారిందంటివి?"

"నువ్వు గుర్తువట్టొద్దని."

రెండు వరుసలూ కలిపి వేళ్లతో ఎంచింది పోశవ్వ. ఇరవై అయిదు, ఒక కట్ట. దారం చుట్టి పక్కన పెట్టింది. పొద్దుగూకే లోపు జవాబు క్యాసెట్ కోసం అంజన్న వస్తాడు. ఏం చెప్పాలని అడిగింది బాలలక్ష్మి.

"పోయినేడు చెప్పిందే మల్ల చెప్పు. ఇన్నడో లేదో."

రికార్డు చేసే ఎర్ర బటన్ నొక్కింది బాలలక్ష్మి. కత్తెర అందుకుంది. టేపు తిరుగుతూనే ఉంది. బీడీల తునికాకు కత్తిరిస్తున్న చప్పుడు అందులో పడుతోంది.