అన్న ఏడుపు

మా నరీన్ కొండల్లో చావింటికి నోరు మూసుకుని వచ్చినవాణ్ణి మనిషిగా లెక్కెయ్యరు. దూరం నుంచే గొంతెత్తి ఏడుస్తూ రావాలి. శవాన్ని ఉంచిన గుడారం బయట నడుములకు గుడ్డ బిగించి, కర్రల మీద వంగి నిలబడ్డ మగవాళ్ళు ఆ ఏడుపుకు బదులు ఏడవాలి. ఊరికే నడిచొచ్చాడా, "వీడు చావుకొచ్చాడా, చావు విందులో మాంసానికొచ్చాడా?" అంటారు. అనేవాళ్ళలో నేనూ ఉంటాను.

మా తొక్తొసున్ పోయాడు. నాకు వరసకు అన్న. తండ్రి పోయాక తమ్ముణ్ణి పెంచి పెద్ద చేసినవాడు. ఆ తమ్ముడే జుమాదిల్. రాజధానిలో నాటకాలతో మొదలుపెట్టి సినిమాలకెక్కాడు. అతనికి పేరు తెచ్చింది ఒకే ఒక్క ఏడుపు. గొర్రెల కాపరి వేషంలో తండ్రి శవం ముందు పడి ఏడుస్తాడు. గొంతు లోతులోంచి లేస్తుంది, మధ్యలో విరుగుతుంది, చివరికి గాలి మాత్రం మిగులుతుంది. దాన్ని అనుకరించని పిల్లాడు మా దేశంలో లేడు. "ఎలా వచ్చిందండీ అది?" అని టీవీవాళ్ళు అడిగినప్పుడల్లా, "అద్దం ముందు నెలల తరబడి సాధన చేశాను" అనేవాడు.

అతను వస్తే గాని శవం లేవదు. షూటింగు వదిలించుకుని, పొద్దు నడినెత్తి మీదికొచ్చాక కారు దిగాడు. ఊరంతా అతని వైపే చూస్తోంది. అన్న లేడన్న సంగతి ఇంకా అతని లోపలికి దిగలేదు, కళ్ళు పొడిగానే ఉన్నాయి. ఇంతమంది ముందు ఏడుపు రాకపోతే పరువేం కాను? భయం వేస్తే ఎవడైనా చేతనైన పనే చేస్తాడు. పొట్టలోంచి ఊపిరి లాగాడు.

"అన్నా! నా వెనకున్న కొండా!"

అదే ఏడుపు. అదే ఎత్తు, అదే విరుపు. మేం తలలెత్తి చూస్తూ బదులు ఏడవడమే మరిచిపోయాం. నా పక్కనున్న ముసలి శంషికి నోటికి తాళం లేదు.

"అబ్బ! అచ్చం సినిమాలో లాగే! ఒరేయ్, ఫోన్లు తియ్యండ్రా!"

తీశారు. అప్పుడు జుమాదిల్ చేసిన పనికి నాకే తల కొట్టేసినట్టయింది. ఏడుస్తూనే మొహం కాస్త ఫోన్ల వైపు, వెలుగు పడేలా తిప్పి ఒక్క క్షణం ఆగాడు. పాడు అలవాటు. చేశాక గాని తనకు తెలియలేదు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

గుడారంలో ఆడవాళ్ళ శోకాలు టక్కున ఆగిపోయాయి.

చెయ్యి పట్టుకుని నేనే లోపలికి తీసుకెళ్ళాను. తెర వెనక అన్న శవం ఉంది. దానికివతల అన్న భార్య జూరకాన్ వదిన గోడ వైపు తిరిగి కూర్చుంది. అత్తింటివాళ్ళ పేర్లు మా కోడళ్ళ నోట రాకూడదు. పెళ్ళై వచ్చిన నాటి నుంచీ ఈ మరిదిని ఆమె "చిన్నోడా" అనే పిలిచింది. అతని జుట్టు నెరిసినా అదే పిలుపు.

"రండి జుమాదిల్ గారూ," అంది.

కూర్చున్న ఆడవాళ్ళంతా తలలు దించేసుకున్నారు.

"వదినా, అలా పిలవకు."

"మరెలా పిలవను? పోస్టరు మీద ఉండేది అదే కదా. బాగా ఏడ్చారు. ఇంతకీ ఆ ఏడుపు ఎవరిదో గుర్తుందా?"

అతను తెర వైపు తిరిగాడు.

"మామగారు పోయిన నాడు మా ఆయన ఏడ్చిందది. మీరు ఆయన నడుంగుడ్డ పట్టుకుని నిలబడ్డారు, ఇంతుండేవారు. సినిమా వచ్చినప్పుడు ఆయన్ని నేనే లాక్కెళ్ళా. అది వినగానే నా చెయ్యి పట్టేసుకున్నాడు. 'వాడికి గుర్తుందే! నాన్న చావు వాడికి గుర్తుందే!' అని దారంతా సంబరపడ్డాడు. తర్వాత టీవీలో మీ అద్దం కబుర్లు విన్నాడు. లేచి టీవీ కట్టేసి గొర్రెల దగ్గరికెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ ఊసెత్తితే ఒట్టు."

"వదినా, నేను..."

"జనం వస్తున్నారు. పోయి నిలబడండి."

బయటికొచ్చి కర్ర అందుకున్నాడు. తోడబుట్టినవాడు వరసలో మొదట నిలబడాలి. అతను పోయి చిట్టచివర నిలబడ్డాడు. రమ్మనే ధైర్యం నాకూ లేకపోయింది.

పక్క ఊరివాళ్ళు ఏడుస్తూ వచ్చారు. మేమంతా బదులు ఏడ్చాం. జుమాదిల్ నోరు తెరిచాడు. ఆ పాత ఏడుపు గొంతు దాకా వచ్చింది. దాన్ని మింగడం నేను చూశాను. మింగాక ఇక ఏమీ మిగల్లేదు. ముల్లు గుచ్చుకున్న మేకలా ఏదో కీచుమంది. ముక్కు కారింది. "అన్నా" అనే మాట కూడా సగంలో తెగిపోయింది. సిగ్గుతో మొహం కప్పుకోబోతే కర్ర జారిపోయింది.

"పాపం, గొంతు పోయినట్టుంది. ఇందాకటిదే బావుంది," అన్నాడు శంషి. వాడి కాలు గట్టిగా తొక్కాను.

గుడారంలోంచి వదిన గొంతు వినిపించింది.

"ఊరుకున్నారేమే? ఎత్తండి శోకం. మా చిన్నోడు వచ్చాడు."

జుమాదిల్ అది విన్నాడు. విని కూడా, అన్నను మట్టిలో పెట్టేదాకా తల ఎత్తలేదు.