తోమాసా అడిగిన చట్టం

తనలాగే బానిసైన మొగుడు సిల్వెరియోను తోట యజమాని అమ్మేశాడన్న మాట తోమాసా చెవిన పడేసరికే అతన్ని తీసుకెళ్లే బండి చెరకు తోటలు దాటిపోయింది. వాళ్లకు పెళ్లయి రెండేళ్లు. క్యూబాలోని మతాంసాస్ పట్నం చర్చిలో, పాదిరీ ఎదుట, సాక్షులతో జరిగిన పెళ్లి.

ఆమె నేరుగా వంటపాకలోకి, ముసలి బెనెదితా దగ్గరికి వెళ్లింది. బెనెదితా బ్రెజిల్‌లో పుట్టి, నాలుగు చేతులు మారి క్యూబా చేరిన మనిషి. తోమాసాది జమైకా.

“జమైకాలో మా అమ్మానాన్నల్నీ ఇట్లాగే విడదీశారవ్వా. అక్కడ మన పెళ్లి చట్టానికి పట్టదు. ఇక్కడ అట్లా కాదంటగా?”

“కాగితం మీదయితే అట్లా కాదులేవే! మా బ్రెజిల్లో కాగితాలకేం కొదవ? పండగలకీ డోళ్లకీ అడ్డు చెప్పేవాళ్లు కాదు. కొరడా మాత్రం అక్కడా తోలే, ఇక్కడా తోలే.”

“మొగుడూ పెళ్లాల్ని విడదీయకూడదన్న ఆ కాగితం ఎవరి దగ్గరుంటుంది?”

బెనెదితా గరిటె ఆపింది. “పట్నంలో సిండికో అని ఉంటాడు. మన గోడు వినడానికి పెట్టిన అధికారి. వింటాడు. చేస్తాడని మాత్రం నేను చెప్పలేను. నువ్వు తోట దాటితే కుక్కల్ని వదుల్తారే పిల్లా!”

“వదలనీ.”

ముసలిది పొయ్యి దగ్గర్నుంచి లేచింది. రెండు కర్రపెండలం రొట్టెలు తోమాసా కొంగున కట్టింది.

ఆదివారం అందరూ బట్టలుతుక్కునే వేళ తోమాసా చెరకులోకి దూరింది. కుక్కలు వాసన పట్టకుండా వాగు వెంట నీళ్లలోనే రెండామడలు నడిచింది. పట్నం చేరేసరికి కాళ్లు పుండ్లయ్యాయి. సిండికో కచేరీ మూసి ఉంది. మెట్ల మీదే కూర్చుంది.

తెల్లారి సిండికో, ఆమెను వెతుక్కుంటూ తోట మేస్త్రీ ఉర్బానో ఒకేసారి వచ్చారు.

“ఇదే జమైకా అయితే ఈపాటికి దీని వీపు చీరేసేవాళ్లు! క్యూబాలో పడ్డందుకు దండం పెట్టుకోవే!” అని ఉర్బానో అరిచాడు.

“జమైకాలో కొట్టారు, అరిచాను. ఇక్కడా కొట్టారు, అరిచాను,” అంది తోమాసా. “ఇక్కడ ఆ అరుపు రాసుకునే దొర ఒకాయన ఉన్నాడన్నారు. తేడా అంతే. అదైనా నిజమో కాదో తేల్చుకోవడానికొచ్చాను.”

సిండికో ఇబ్బందిగా కదిలాడు. “పెళ్లికి రుజువేది?”

“చర్చి పుస్తకం. మనిషిని పంపండి దొరా. అది వచ్చేదాకా ఇక్కణ్ణుంచి లేవను.”

పుస్తకం వచ్చింది. పేర్లు రెండూ ఉన్నాయి. ఉర్బానో ఇంకేదో అనబోతే సిండికో చెయ్యెత్తి ఆపాడు. సిల్వెరియోను కొన్నవాడు పది రోజుల్లో ఆమెనూ కొనాలి, లేదా అతన్ని వెనక్కి పంపాలి అని రాయించాడు.

తొమ్మిదో రోజున ఆమెనూ కొని తీసుకెళ్లడానికి సిల్వెరియో కొత్త యజమాని బండి వచ్చింది.

అక్కడి గానుగ పాతదానికంటే పెద్దది, పని మరీ మోటు. చెరకు రసం కాచే కొప్పెర దగ్గర నిలబడ్డ సిల్వెరియో ఆమెను చూసి తెడ్డు వదిలేశాడు. అక్కడి మేస్త్రీ కేక వేసినా వంగి తీయలేదు.

ఆ వారంలోనే ఇద్దరు ఆడవాళ్లు ఆమెను పక్కకు పిలిచారు. ఒకామె మొగుణ్ణీ అలాగే అమ్మేశారట.

“సిండికో కచేరీకి దారెటు, అక్కా?”

తోమాసా బూడిదలో వేలితో పట్నం వైపు పారే వాగు గీసి చూపించింది.