పిల్లి చెప్పిన అభిప్రాయం

ఆ శనివారం మధ్యాహ్నం లైబ్రరీ మేడమీది గదిలో కొందరు పిల్లలు బల్ల చుట్టూ చేరి ఒక నవలను చీల్చి చెండాడుతున్నారు. నవల పేరు ‘రెప్ప వేయని ఊరు’. వాళ్ళ ఈడు పిల్లల కోసమే రాసింది. అందులో ఒక నగరం. ప్రతి ఇంటి గోడకీ ఒక దీపం. ఆ దీపం ఇంట్లోవాళ్ళను చూస్తుంది, వాళ్ళ మాటలు వింటుంది, తప్పు పట్టుకుంటే ఎర్రగా వెలుగుతుంది. కథానాయిక చివరికి తమ ఇంటి దీపాన్ని పగలగొట్టి, ఊరి గేటు దాటి వెళ్ళిపోతుంది.

“చివర్లో మోసం చేశారు మేడమ్,” అన్నాడు లాయరు. వాడు చదివేది పదో తరగతే. నోరు తెరిస్తే వాదన తప్ప మాట రాదు కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది. “పుస్తకమంతా భయపెట్టి, ఆఖర్న గేటుకి తాళం వేయడం మర్చిపోయారంటారా? నగరం మొత్తాన్ని కనిపెట్టుకుని ఉండేవాళ్ళకి ఒక్క గేటు గుర్తుండదా?”

“నీకు ఏ పుస్తకం నచ్చి చచ్చింది గనక?” అంది డాక్టరమ్మ. పెద్దయ్యాక డాక్టరునవుతానని చిన్నప్పట్నుంచీ అందరికీ చెప్పుకుని తిరిగే పిల్ల. “నేనైతే వాళ్ళమ్మ దీపానికి అడ్డంగా నిలబడ్డ చోట వెక్కి వెక్కి ఏడ్చాను. నువ్వు తాళాలు వెతుక్కో.”

లైబ్రేరియన్ నవ్వు ఆపుకుంది. యాభై దాటిన మనిషి. విరిగిన కుర్చీలు పడేసి ఉంచిన ఆ గదిని ఊడ్చి, కిటికీలు తెరిపించి, ఈ పిల్లల్ని పోగేసింది ఆమే. అక్కడ ఆమె పెట్టిన నియమం ఒక్కటే. ‘బాగుంది’, ‘బాగాలేదు’ అనకూడదు. ఎందుకో చెప్పాలి.

“ఇంకెవరు?” అంటూ ఆమె చూపు తలుపు పక్క కుర్చీ మీద ఆగింది. అక్కడ కూర్చునే పిల్లను అందరూ పిల్లి అంటారు. ఎప్పుడొస్తుందో, ఎప్పుడు వెళ్తుందో చప్పుడు ఉండదు. ఎన్ని వారాలుగా వస్తున్నా నోరు విప్పింది లేదు. ఆమెను బలవంతపెట్టడం ఇష్టంలేక లైబ్రేరియన్ చూపు తిప్పుకోబోయింది.

“ఇది రాసినావిడ అలాంటి ఇంట్లో ఎప్పుడూ ఉండలేదు,” అంది పిల్లి.

అందరూ తిరిగి చూశారు.

“ఎలా చెప్తున్నావ్?” అన్నాడు లాయరు, వాదనకి మనిషి దొరికిన ఉత్సాహంతో.

“దీపం ఎర్రగా వెలిగినప్పుడు ఆ అమ్మాయి భయపడిందని రాశారు. ఎర్రగా వెలిగితే భయమెందుకు? తెలిసిపోయిందిగా. ఏ రంగూ లేనప్పుడే భయం. మంచినీళ్ళు తాగుతుంటే, తాగేటప్పుడు నేనెలా కనిపిస్తున్నానో అనుకుంటాం. నవ్వొస్తే, ఎందుకు నవ్వావని రేపు అడిగితే ఏం చెప్పాలో ముందు తయారు చేసుకుని, అప్పుడు నవ్వుతాం. అప్పటికి ఆ నవ్వు పోతుంది. ఇంకోటి. ఆ అమ్మాయి దీపాన్ని పగలగొట్టింది కదా. పగలగొట్టరు. బట్ట కూడా కప్పరు. కప్పితే మర్నాడు ఇంకోటి వస్తుంది.”

డాక్టరమ్మ పుస్తకం తెరిచి ఆ పేజీ వెతకసాగింది.

అప్పుడు పిల్లి ముఖంలో రంగు పోయింది. వంగి, కాళ్ళ దగ్గరున్న సంచీలో చెయ్యి పెట్టి ఫోను తీసింది. తెర వెలుగుతోంది. కాల్ నడుస్తూనే ఉంది.

ఆమె పెదవులు కదిలాయి గానీ గొంతు రాలేదు. ‘అన్నయ్య’ అంటోందని అందరికీ అర్థమైంది.

ఇంట్లోంచి బయటికి వచ్చినప్పుడల్లా కాల్ ఆన్‌లో ఉంచాలన్నది ఆ అన్నయ్య పెట్టిన షరతు. ఇన్నాళ్ళూ ఆమె ఇక్కడ నోరు విప్పకపోవడానికి కారణం అదే. ఇవాళ పుస్తకం మీది కోపంలో ఒళ్ళు మరిచిపోయింది.

లైబ్రేరియన్ లేచి వెళ్ళి, ఆ పిల్ల చేతిలోంచి ఫోను నెమ్మదిగా తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది. అవతల బండి హోరు, గాలి.

“బాబూ, నేను లైబ్రేరియన్‌ని. మీ చెల్లెలు నా దగ్గరే ఉంది. నువ్వు దారిలో ఉన్నావనుకుంటా. నెమ్మదిగా నడుపుకుంటూ రా. మేడమీదికి రా,” అని కాల్ కట్ చేసింది.

“మేడమ్, అలా కట్ చేయకూడదు,” అంది పిల్లి. మొదటిసారి ఆమె గొంతు గట్టిగా వినిపించింది. “ఎప్పుడూ కట్ చేయకూడదు.”

“వెనక మెట్ల మీంచి పంపించేద్దాం,” అన్నాడు లాయరు, అప్పటికే తలుపు దాకా వెళ్ళి.

“నేను కనపడకపోతే ఇంకా ఘోరం.”

“కొడతాడా?” అని అడిగింది డాక్టరమ్మ, పిల్లి చెయ్యి పట్టుకుని.

“ఎప్పుడూ కొట్టలేదు. మాట్లాడడం మానేస్తాడు. తర్వాత నిచ్చెన వేసుకుని ఇంకో కెమెరా బిగిస్తాడు. మొదట గుమ్మం దగ్గరే ఉండేది. తర్వాత హాల్లో. లైబ్రరీకి వెళ్తానన్నప్పుడు నా గదిలో.”

“గదిలోనా?” అంది లైబ్రేరియన్. “మీ అమ్మగారికి తెలుసా?”

“గదిలోది బల్బు హోల్డరులా ఉంటుంది. అమ్మ హాస్పిటల్లో నర్సు. డ్యూటీ దిగొచ్చి పడుకోవడమే. చెప్తే అన్నయ్యకి వినపడుతుందిగా మేడమ్. ఎక్కడ చెప్పను?”

కింద బండి ఆగింది. మెట్ల మీద బూట్ల చప్పుడు తొందరేమీ లేకుండా పైకొచ్చింది. దానికే ఎక్కువ భయమేసింది లాయరుకి. తలుపు దగ్గర్నుంచి వెనక్కి వచ్చి తన కుర్చీలో కూలబడ్డాడు.

వచ్చినవాడు పాతికేళ్ళవాడు. దుకాణాలకూ ఆఫీసులకూ కెమెరాలు బిగించడం వాడి పని. నడుముకి స్క్రూడ్రైవర్ల బెల్టు, భుజాన వైరు చుట్ట. గదిలోకి అడుగు పెడుతూనే ముందు మూలలకేసి, సీలింగుకేసి చూశాడు. ఆ తర్వాతే మనుషుల్ని చూశాడు.

“సారీ మేడమ్, మీ క్లాసుకి అడ్డమొచ్చాను,” అన్నాడు ఎంతో మర్యాదగా. “పదమ్మా.”

పిల్లి లేచి నిలబడింది. సంచీ భుజాన వేసుకుంది.

లైబ్రేరియన్‌కు ఏం చేయాలో తోచలేదు. ఆ పిల్ల అతని చెల్లెలు. తను పరాయి మనిషి. ఆపడానికి తనకున్న హక్కేమిటి? ఆ తటపటాయింపులో ఉండగానే లాయరు గొంతు సవరించుకున్నాడు. “నా అభిప్రాయం పూర్తి కాలేదు మేడమ్,” అన్నాడు. “గేటు సంగతి కాసేపు పక్కన పెడదాం. అసలు ఆ దీపాలు ఎందుకు పెట్టారో చెప్పిన చోట మాత్రం రచయిత్రిని మెచ్చుకోవాలి.”

“నేనూ అదే చెప్దామనుకుంటున్నా,” అంది డాక్టరమ్మ వెంటనే. ఆమె లాయరుతో ఏకీభవించడం ఆ గది ఎరగదు.

అన్నయ్య గుమ్మంలో ఆగాడు. “ఎందుకు పెట్టారు?” అన్నాడు.

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. డాక్టరమ్మే ధైర్యం చేసింది. “పూర్వం ఒకసారి ఆ ఊళ్ళో మంటలొస్తాయి. పెద్దవాళ్ళు పనులకి పోయి ఉంటారు. పిల్లలు ఇళ్ళల్లో చిక్కుకుపోతారు. ఎవరికీ తెలియదు. ఇంకెప్పుడూ అలా జరక్కూడదని దీపాలు పెడతారు, అన్నా.”

“మరి తప్పేముంది అందులో?”

లాయరు తల వంచి పుస్తకం పేజీలు తిప్పసాగాడు.

“కాదు, చెప్పండి. చదువుకుంటున్నారుగా. తప్పేముంది?” మర్యాద పోయి గొంతులోకి కరుకుదనం వచ్చింది. “నేనెక్కడో బట్టల కొట్లో నిచ్చెన మీద ఉన్నాను, వాళ్ళ సరుకు పోకుండా కెమెరా పెడుతూ. మా నాన్న వంటింట్లో పడిపోయాడు. పొద్దున పడినవాడు సాయంత్రం దాకా అలాగే ఉన్నాడు. ఎవరైనా చూసుంటే బతికేవాడని డాక్టరు చెప్పాడు. నాతోనే చెప్పాడు. మీకు ఇది కథ. ఎవరో రాస్తే కాలక్షేపానికి చదువుకుంటున్నారు.”

“నాకూ నాన్నే కదా అన్నయ్యా,” అంది పిల్లి.

అతను ఆమెవైపు తిరిగాడు.

“నాకూ నాన్నే. వంటింట్లో పెట్టు, గుమ్మంలో పెట్టు, నేను కాదన్నానా? నా మంచానికి పైన పెట్టావు. ఫోన్లో నా స్నేహితులతో మాట్లాడింది విన్నావు. నేనేం పడిపోలేదన్నయ్యా. నేను నవ్వితే అడిగావు, ఎందుకు నవ్వావని.”

“నోర్ముయ్. ఇంటి విషయాలు నలుగుర్లో పెడతావా?” అతను ఒక్క అంగలో వచ్చి సంచీ పట్టి లాగాడు. కుర్చీ దబ్బున వెనక్కి పడింది. పిల్లి తూలి బల్ల అంచు పట్టుకుంది. “ఇవాళ్టితో లైబ్రరీ బందు. స్కూలు, ఇల్లు. అంతే.”

“సంచీ వదులు,” అంది లైబ్రేరియన్.

ఆమె గొంతు పెంచలేదు. కానీ అప్పటికే తన ఫోను తీసి, లైబ్రరీ సభ్యత్వం కోసం ఇచ్చిన తల్లి నంబరు నొక్కి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది. రింగు పోతున్నంతసేపూ అతను ఆ ఫోనునే చూస్తూ ఉండిపోయాడు. లాక్కోవచ్చు. లాక్కోలేదు. అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయని అప్పుడే తెలిసినట్టు ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

“హలో?” అంది తల్లి. వెనక ట్రాలీ చక్రాల చప్పుడు.

లైబ్రేరియన్ తానెవరో చెప్పి, జరిగింది జరిగినట్టు చెప్పింది. పిల్ల గదిలో కెమెరా ఉందన్న మాట దగ్గర అవతల చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. ఆమె ఎక్కడికో పక్కకి వెళ్ళినట్టుంది.

“గదిలోనా?” అంది తల్లి. “వాడు అక్కడే ఉన్నాడా?”

“ఉన్నానమ్మా,” అన్నాడు అతను.

“నా గదిలో కూడా ఉందా?”

సంచీ పట్టుకున్న అతని చెయ్యి సడలింది.

“నిన్నే. నా గదిలో కూడా ఉందా?”

“నైట్ డ్యూటీ పడ్డప్పుడు పగలంతా ఒక్కదానివే పడుకుంటావు కదమ్మా,” అన్నాడు. “దుప్పటి కదులుతుందో లేదో చూసుకుంటాను. అంతే. ఇంకేం చూడను. ఒకరోజు చాలాసేపు కదల్లేదు. పని వదిలేసి పరిగెత్తుకుంటూ వచ్చాను. తలుపు తీసి, ఏంట్రా ఈ వేళప్పుడు అన్నావు. పటకారు మర్చిపోయానని చెప్పాను.”

డాక్టరమ్మ పడిన కుర్చీని ఎత్తి నిలబెట్టింది. అతను దానిలో కూర్చున్నాడు.

“వస్తున్నాను,” అంది తల్లి. “నేనొచ్చేదాకా ఇద్దరూ అక్కడే ఉండండి.”

ఆమె యూనిఫామ్‌తోనే ఆటో దిగి వచ్చింది. మేడమెట్లు ఎక్కి ఆయాసపడుతూ, ముందు కూతురి తల నిమిరింది. తర్వాత కొడుకు ఎదురుగా నిలబడింది. కొడుతుందేమో అనుకున్నారు పిల్లలు. కొట్టలేదు.

“నువ్వు చేసింది చాలా తప్పు,” అంది. “నీకెంత భయమేసినా సరే, తప్పే. అది ఆడపిల్ల, అది బట్టలు మార్చుకునే గది. నీకా మాట తట్టలేదా?”

“అటు తిప్పి పెట్టలేదమ్మా, బల్ల వైపే...”

“ఎటు తిప్పావో నాకు చెప్పకు. నిచ్చెన తెచ్చావా?”

“బండి మీదుంది.”

“పద. నేను కింద పట్టుకుని నిలబడతాను. అన్నీ దింపు.”

వాళ్ళు ముగ్గురూ మెట్లు దిగుతుంటే లైబ్రేరియన్ కిటికీలోంచి చూసింది. తల్లి కూతుర్ని తనతో ఆటోలో ఎక్కించుకుంది. అతను బండి మీద వెనకాలే వెళ్ళాడు. తాను చేసిన పని మంచిదో చెడ్డదో ఆమెకి అప్పటికీ తెలియదు. గదిలోకి తిరిగి వస్తే లాయరు తల బల్లకి ఆనించి ఏడుస్తున్నాడు. “భయమేసింది మేడమ్,” అన్నాడు. “నాక్కూడా,” అని ఆమె పక్కన కూర్చుంది.

తర్వాతి శనివారం పిల్లి రాలేదు. ఆ పై వారమూ రాలేదు. తలుపు పక్క కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. ఉండబట్టలేక లైబ్రేరియన్ హాస్పిటల్‌కి వెళ్ళింది. తల్లి ఆమెను వార్డు బయట బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. కెమెరాలన్నీ దింపించిందట. గుమ్మంలోది ఒక్కటి ఉంచమని కూతురే అడిగిందట. కొడుకు తనతో సరిగ్గా మాట్లాడడం లేదు, తిండి మానేశాడు. మనసుకి వైద్యం చేసే డాక్టరు అదే హాస్పిటల్లో ఉన్నాడు, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. “మొదటిరోజు గుమ్మం దగ్గర్నుంచే తిరిగెళ్ళిపోయాడు. రెండోసారి లోపలికెళ్ళాడు. చూడాలి,” అంది. “మా ఆయన పోయినప్పుడు వాడు ఏడవలేదమ్మా. అన్నీ వాడే చూసుకున్నాడు. గట్టివాడని మురిసిపోయాను. నేను చూడాల్సింది నేను చూడలేదు.”

లైబ్రేరియన్ ఆమె చేతిమీద చెయ్యి వేసింది.

పిల్లి వచ్చేసరికి వాళ్ళు వేరే పుస్తకం మొదలుపెట్టారు. మెట్ల మీద చెప్పుల చప్పుడు చేసుకుంటూ వచ్చింది. అన్నయ్య దింపి పోయాడని, పైకి రమ్మంటే రానన్నాడని చెప్పింది. ఎవరూ గుచ్చి గుచ్చి అడగలేదు. లాయరు తన పక్క కుర్చీ మీదున్న పుస్తకాలు తీసి చోటిచ్చాడు.

సమావేశమయ్యాక, కిందికి దిగుతూ ఆమె డాక్టరమ్మతో చెప్పింది. కెమెరాలు దింపేసిన రాత్రి తలుపు గడియ వేసుకుని హాయిగా పడుకుందామనుకుందట. నిద్ర పట్టలేదు. చిత్రంగా, ఎవరూ లేరన్న భయం పట్టుకుంది. చీకట్లో నాన్న గుర్తొచ్చాడు. ఉండలేక, “అన్నయ్యా” అని పిలిచింది.

“వచ్చాడా?”

“పిలుపు పూర్తవకముందే తలుపు దగ్గరున్నాడు. లోపలికి రావచ్చా అని అడిగాడు.”

“నువ్వేమన్నావ్?”

“వద్దు, అక్కడే కూర్చోమన్నాను. తలుపుకి అవతల కూర్చున్నాడు. నాన్న ఆ రోజు పొద్దున ఏం చేశాడో, ఏ చొక్కా వేసుకున్నాడో, చివరిసారి తనతో ఏం మాట్లాడాడో అన్నీ చెప్పాడు. ఇన్నాళ్ళూ ఆ మాటలెప్పుడూ ఎత్తలేదు. ఎప్పుడో వింటూ వింటూ నిద్రపోయాను.”