బండికి మోకాళ్ళు

కొంగలంకలో మధ్యాహ్నం అన్నాలయ్యాక ఎవరూ పొయ్యి మీద ఏమీ ఉంచరు. కొల్లేరు ఊపిరి పీల్చే వేళ అది. ముందు చేపల చెరువుల్లో నీళ్ళు అంచులదాకా వస్తాయి. తర్వాత గట్లు కదులుతాయి. ఆ వెనక ఊరు మొత్తం, మంచాలూ మనుషులూ చర్చీ సెల్ టవరూ అన్నీ, మెల్లగా పైకి లేస్తాయి. కాసేపు అక్కడే ఆగి మళ్ళీ దిగుతాయి. అంతసేపూ ఆడవాళ్ళు బిందెల మీద చెయ్యి వేసి కబుర్లు చెప్పుకుంటారు. మగవాళ్ళు మోటారు సైకిళ్ళను గోడకి ఆనించి పట్టుకుంటారు. కైకలూరు నుంచి మేత తెచ్చే వ్యాను డ్రైవర్లకి కూడా ఇది అలవాటే. ఊపిరి దిగేదాకా బండి పక్కన పెట్టి టీ తాగుతారు.

అహరోనుకి మాత్రం అలవాటు కావడానికి చాలాకాలం పట్టింది. అతనిది కైకలూరు, అక్కడ సొంత ఇల్లు లేదు, మెకానిక్ షెడ్డు మాత్రం ఉంది. కొంగలంకకి ఇల్లరికపు అల్లుడిగా వచ్చాడు. పెళ్ళయిన కొత్తలో మధ్యాహ్నం కునుకు తీస్తూ మంచం మీంచి దొర్లి మజ్జిగ కుండలో చెయ్యి పెట్టిన సంగతి ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. అతనూ నవ్వుతాడు. ఈ ఏడాది మాత్రం అతనికి నవ్వే తీరిక లేదు. భార్య శాలినికి నెలలు నిండుతున్నాయి.

ఇది మూడో కాన్పు. ముందు రెండుసార్లూ జాగ్రత్త పేరుతో కైకలూరులో అద్దెకి ఇల్లు తీసుకున్నారు. గట్టి నేల, కదలని గోడలు. రెండుసార్లూ కడుపులోని బిడ్డ ఏదో ఒక రోజు కదలడం మానేసింది. లంక పిల్లని కడుపులో ఉన్నప్పుడు కొల్లేరు ఊపాలని శాలిని తల్లి పుష్పమ్మ మొదటినుంచీ అంటూనే ఉంది. ఈసారి కైకలూరు ఆసుపత్రి డాక్టరమ్మ కూడా ఒప్పుకుంది.

"సరే, లంకలోనే ఉంచండి. కానీ కాన్పు మాత్రం ఇక్కడే జరగాలండీ. బిడ్డ అడ్డంగా ఉంది, ఆపరేషన్ తప్పదు. నొప్పులు రాగానే తీసుకొచ్చెయ్యండి. దారిలో కుదుపు తగలకూడదు, గుర్తుంచుకోండి," అంది.

కుదుపు తగలని దారి కొంగలంకకి లేదు. కాలవ నిండా గుర్రపుడెక్క పట్టేసి దోనె కదలడం లేదు. మిగిలింది చెరువుల మధ్య మట్టి గట్టు. వానలకి ఆటోవాళ్ళు దాని మొహం కూడా చూడరు. పైగా నొప్పులు సరిగ్గా ఊపిరి వేళకి వస్తే? ఊళ్ళో మెల్లగా లేచే నేల గట్టు మీద అలలు అలలుగా లేస్తుంది. అప్పుడు దాని మీద బండి నడిపినవాడు లేడు. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా అహరోను ఆ గట్టు మీద నడవగల బండి కోసం వాకబు చేసేవాడు.

తాడేపల్లిగూడెం దగ్గర హైవే పక్కన మూతపడ్డ ఆటల పార్కులో నాలుగు చక్రాల క్వాడ్ బైకులు రెండు తుక్కు కింద అమ్ముతున్నారని తెలిసి వెళ్ళాడు. చిన్న మోడల్ ఇంజను నిక్షేపంలా ఉంది, ముందు భాగం మాత్రం పొట్టిగా, బిర్రబిగుసుకుని ఉంది. పెద్ద మోడల్ ఇంజను పట్టేసింది. కానీ దాని ముందు చక్రాలను పట్టి ఉంచే ఇనప ఆర్మ్‌లు బారుగా, విశాలంగా ఉన్నాయి. వాటి మీద పొడుగాటి స్ప్రింగులతో షాక్ అబ్జార్బర్లు. వీటిని చిన్నదానికి తగిలిస్తే సరి అనుకున్నాడు అహరోను. రెండు బండ్లూ మినీ లారీ ఎక్కించాడు.

ఒక మోడల్ కాళ్ళు ఇంకో మోడల్‌కి పెట్టడం చెప్పినంత తేలిక కాదు. పై ఆర్మ్‌లు చక్కగా కూర్చున్నాయి, కింది ఆర్మ్‌లు మొరాయించాయి. బోల్టు సన్నం, కన్నం లావు. ఆ సందు పూడ్చడానికి ఏలూరు వెళ్ళి లేత్ మిషన్ మీద బుష్‌లు తిప్పించుకొచ్చాడు. చక్రాలు వెడల్పయ్యేసరికి బ్రేకు గొట్టం చాల్లేదు, పొడుగుది వేశాడు. స్టీరింగు రాడ్లు పొట్టివయ్యాయి, పెద్ద బండివే పీకి వేశాడు. లేకపోతే గుంతలో పడ్డప్పుడల్లా రెండు చక్రాలూ అలిగిన తోడికోడళ్ళలా చెరోవైపు తిరుగుతాయి. వెనక ఇద్దరు కూర్చునేలా బల్ల వెల్డింగ్ చేశాడు. చివరికి, చెరువులవాళ్ళకి మేత బస్తాల బండ్లు సర్ది సర్ది చెయ్యి అలవాటు పడిపోయి, స్ప్రింగులు బాగా బిగించాడు.

మర్నాడు ఊపిరి వేళకి నీళ్ళ బిందె ఒళ్ళో పెట్టుకుని పుష్పమ్మే వెనక కూర్చుంది. కూతుర్ని ఎక్కించే ముందు తాను ఎక్కి చూడాలని ఆవిడ పంతం. మొదటి అలకే బండి గాల్లోకి ఎగిరింది. తిరిగొచ్చేసరికి బిందెలో నీళ్ళన్నీ ఆవిడ చీర మీదే ఉన్నాయి.

"నీ బండి కొల్లేరుతో పోట్లాడుతోంది బాబూ," అంది కొంగు పిండుకుంటూ.

"గట్టిగా ఉండాలి కదా అత్తయ్యగారూ."

"ఎందుకుండాలి? ఊపిరి వేళ బిందె నెత్తిన పెట్టుకుని ఎన్నిసార్లు నడిచాను! నేల లేస్తే మోకాళ్ళు వంచుతాం, దిగితే మెల్లగా చాపుతాం. నీ బండికి మోకాళ్ళు లేవు."

అహరోను పానా అందుకున్నాడు. కూర్చుని స్ప్రింగులు వదులు చేశాడు. వంగిన షాకులు ఎంత నిదానంగా లేవాలో చెప్పే స్క్రూ ఒకటి వాటి అడుగున ఉంటుంది. దాన్ని మాత్రం ఇంచుమించు చివరిదాకా బిగించాడు. ఆ తర్వాత ఆవిడ బిందెలోంచి చుక్క ఒలకలేదు.

నెలలు పూర్తిగా నిండకుండానే, అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ శాలిని నొప్పులతో గుమ్మం పట్టుకుంది. ఆగడానికి లేదు. బండి వెనక బల్ల మీద తల్లి ఆమెను పొదివి పట్టుకుని కూర్చుంది. గట్టు సగం దాటేసరికి కొల్లేరు ఊపిరి తీసింది.

అంత పెద్ద ఊపిరి అహరోను ఎన్నడూ చూడలేదు. చూపు ఆనినంత మేరా నేల లేచింది. అటూ ఇటూ చెరువులు పళ్ళాల్లా ఒరిగాయి, ఒక్క చేప బయట పడలేదు. గూడబాతులు వేలకి వేలు రెక్క కదపకుండా నీళ్ళతోపాటే పైకి తేలి వచ్చి అతని కళ్ళకి సమానంగా నిలిచాయి. ముందు చక్రాలు ఒకటి లేస్తే ఒకటి దిగుతున్నాయి, ఆర్మ్‌లు ముడుచుకుని చాచుకుంటున్నాయి. చేతిలో హ్యాండిల్ మాత్రం వణకడం లేదు. భయపడాల్సిన చోట అతనికి మోకరిల్లాలనిపించింది.

"ఆపమంటావా శాలినీ?"

"వద్దండీ," అంది శాలిని కళ్ళు మూసుకుని. "లోపల బిడ్డ ఊగుతోందండీ. వెళ్ళండి."

గట్టు అయిపోయి తారురోడ్డు మొదలయ్యే చోట ఆఖరి అల వచ్చి బండి కిందకి దూరింది. ముందు భాగం నేలకి ఆనేంతగా కుంగింది. మళ్ళీ లేవలేదు. స్ప్రింగులు విరిగాయనుకున్నాడు. దిగి చూసే వ్యవధి లేదు. నీళ్ళు తాగే గేదెలా ముందుకి వంగిన బండినే ఆసుపత్రిదాకా తోలుకొచ్చి, ఆపరేషన్ గది కిటికీ పక్కన ఆపాడు.

లోపలికి తీసుకెళ్ళారు. అహరోను, పుష్పమ్మ వరండాలో నిలబడ్డారు. కొంతసేపటికి లోపల మాటలు తొందరగా వినిపించాయి. వెంటనే తగ్గిపోయాయి. నర్సు నిర్మల తలుపు కొద్దిగా తెరిచింది.

"తల్లి బాగుందండీ. పాప పుట్టింది. గుండె కొట్టుకుంటోంది కానీ ఊపిరి తియ్యడం లేదు. డాక్టరుగారు చూస్తున్నారండీ," అని మళ్ళీ మూసేసింది.

పుష్పమ్మ గోడకి ఆనుకుంది. "తియ్యదు బాబూ. కడుపులో ఉండగా దానికి తెలిసిందల్లా కొల్లేరే. ఇక్కడ నేల కదలదు కదా," అంది చాలా మెల్లగా.

అహరోను మెట్లు దిగి బండి దగ్గరకి వచ్చాడు. ఎందుకు వచ్చాడో తెలియదు. చేతులకి ఏదో ఒక పని కావాలి. వంగి షాకు మీద చెయ్యి వేశాడు. స్ప్రింగు విరగలేదు. చల్లగా, తడిగా, నిండుగా ఉంది. అరచేతి కింద ఏదో మెల్లగా తోస్తోంది. రోజూ మధ్యాహ్నం మంచం కింద తెలిసే తోపు అది. ఆ ఆఖరి అల ఇందులోనే ఉంది. తను బిగించిన స్క్రూ దాన్ని లేవనివ్వలేదు.

టూల్ బాక్సు తెరిచి స్క్రూడ్రైవరు తీశాడు. ఆ స్క్రూని వెనక్కి తిప్పాడు. ముందు ఒకవైపు షాకుది, తర్వాత రెండోవైపుది.

బండి పెద్దగా నిట్టూర్చి ముందు భాగం పైకెత్తింది. చక్రాల కింద నేల లేచింది. తర్వాత మెట్లు, వరండా, దాని మీద పుష్పమ్మ, సెలైన్ స్టాండ్లు, ఆసుపత్రి అంతా మెల్లగా లేచింది. కైకలూరు పుట్టాక అక్కడ నేల కదలడం అదే మొదలు. మందుల షాపతను కౌంటరు మీది సీసాలకి చెయ్యి అడ్డం పెట్టి ఊరుకున్నాడు. కిటికీలోంచి డాక్టరమ్మ గొంతు వినిపించింది. "ఎవరూ కదలకండి. దిగనివ్వండి."

నేల అక్కడే కాసేపు ఆగింది. అహరోను కూడా ఊపిరి బిగబట్టాడు. ఆ తర్వాత నేల దిగడం మొదలుపెట్టింది, దిగుతుండగానే లోపల పాప ఏడ్చింది.

అహరోను స్క్రూడ్రైవరు చేతిలో ఉండగానే ఆ మట్టిలో కూలబడ్డాడు. ఆ ఏడుపు ఆగకూడదని, ఇంకా గట్టిగా ఏడవాలని దేవుణ్ణి వేడుకుంటూ కూర్చున్నాడు.